గడ్డానికి ఛాతీ కొలత

మా కోడలిని అందరూ ఆగమ్మ అంటారు. అది ఆమె అసలు పేరు కాదు. పొద్దున లేచింది మొదలు ఆమె నోట్లోంచి "ఆగండి" అనే మాట ముందు వస్తుంది, ఊపిరి తర్వాత వస్తుంది. మా వాడు "నన్ను పెళ్ళి చేసుకుంటావా" అని అడిగినప్పుడు కూడా "ఆగండి" అందట. ఆలోచించుకోవడానికి కాదు. వాడి వెనక జ్వరాలతో, దగ్గులతో జనం బారులు తీరి ఉన్నారట.

అప్పుడామె ఆసుపత్రిలో చీటీలిచ్చే కౌంటర్లో ఉండేది. అద్దాల గది, అద్దానికి చెయ్యి పట్టేంత కన్నం, ఆ కన్నంలోంచి లోకమంతా ఒకేసారి మాట్లాడుతుంది. మా వాడు వ్యాను తలుపులో వేలు నలగ్గొట్టుకుని వెళ్ళాడు. వేలు మానాక కూడా వెళ్తూనే ఉన్నాడు. "ఏరా, ఇవాళేం నలిగింది?" అంటే చెవులదాకా ఎర్రబడేవాడు. అలా వచ్చింది మా ఇంటికి.

అక్కడ కూర్చుని ఆమె ఒంటపట్టించుకున్నది ఒక్కటే. అందరూ వచ్చేది ఒకే కన్నం దగ్గరికి, కానీ ఎవరి పని వాళ్ళది. ఒకరు చుట్టాన్ని చూసి పోదామని వస్తారు. ఒకరు కొత్తగా చేరడానికి వస్తారు. ఇంకొకరు, ముందే రాసిన తమ చీటీలో ఏదో మార్చమంటారు. "ఏ పని మీద వచ్చారో తెలియకుండా ఎవర్నీ లోపలికి పంపకూడదత్తయ్యా" అనేది. ఆమె చేరకముందు, తమ్ముడిని పలకరించి పోదామని వచ్చిన ఒక పెద్దమనిషికి రక్తం తీసి పంపేశారట. ఆయన కూడా మొహమాటపడి చెయ్యి చాపాడట.

ఆ జబ్బు ఇంటికి కూడా తెచ్చింది. "ఆ గిన్నె..." అని నేను నోరు తెరిచానో లేదో, "చూడాలా, కొత్తది పెట్టాలా, మార్చాలా, తీసెయ్యాలా?" అని అడిగేది.

"నా నెత్తిన పెట్టవే" అనేదాన్ని.

"అది ఈ నాలుగింట్లో లేదత్తయ్యా" అనేది. నవ్వేది కాదు. కోపం తెప్పించి తను మాత్రం ప్రశాంతంగా ఉండటం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య.

కొన్నాళ్ళకి ఆసుపత్రివాళ్ళు ఆమె కుర్చీలో ఒక పెట్టెను కూర్చోబెట్టారు. మీట నొక్కితే చీటీ వస్తుంది. ఇంకొకామె అయితే ఇంటికొచ్చి మూల కూర్చుని ఏడ్చేది. ఈమె ఏం చేసింది? "ఆ పెట్టెకి ఇవన్నీ ఎవరో ఒకరు చెప్పుంటారుగా. వాళ్ళెవరో కనుక్కుంటా" అని సాయంత్రం క్లాసుల్లో చేరింది. ఒక చేత్తో గరిటె తిప్పుతూ ఇంకో చేత్తో కంప్యూటర్ మీటలు నొక్కేది. కూర మాడితే మా వాడు కిక్కురుమనకుండా తినేవాడు. నేను మాత్రం అనాల్సినవన్నీ అని, తిని, మళ్ళీ అన్నాను.

ఇక మా కొట్టు సంగతి. నాటకాలకీ పాటల కచేరీలకీ బట్టలు అద్దెకిచ్చే కొట్టు. మా ఆయన అక్క, అంటే మా వదినది. పొడుగాటి హాలు, నేలనుంచి కప్పుదాకా అరలు, అరల నిండా గుడ్డ సంచులు. ప్రతి వస్తువూ సంచిలో ఉంటుంది, ప్రతి సంచికీ ఒక నంబరు. మధ్యలో విప్పి చూడకూడదని వదిన ఆజ్ఞ, దుమ్ము పడుతుందని. నేను కుట్లు వేస్తాను. ఇస్త్రీ చేసే ఆయన ఒకాయన, అందరికీ అన్నే. గడ్డాలూ మీసాలూ అల్లే ఆయన ఇంకొకాయన, ఆయన్ని గడ్డాలాయన అంటాం. ఆయన మొహం మాత్రం కోడిగుడ్డంత నున్నన. వ్యాను మా వాడిది.

వదిన గురించి ఒక్క మాట. ఆవిడకి జీవితంలో అన్నిటికంటే ఇష్టమైన పని 'కుదరదు' అనడం. పొద్దున్నే ఒకరికి కుదరదని చెప్తేగాని ఆవిడ కాఫీ గొంతు దిగదు.

కొట్టుకి ఒకటే ఫోను. ఎవరెత్తితే వాళ్ళు, ఏది వినిపిస్తే అది. రాజుగారి కోటు ఒకసారి చూస్తామని అడిగినవాళ్ళకి కోటు పార్సిలై వెళ్ళింది. పులి వేషం వద్దని చెప్పినవాళ్ళకి ఇంకో పులి వెళ్ళింది. అక్కడ పాపం రెండు పులుల్ని ఏం చెయ్యాలో తెలియక నాటకంలో పులికి పెళ్ళి చేశారట.

అప్పుడు మా ఆగమ్మ అంది, "పెద్దత్తయ్యా, ఈ ఫోను తీసేద్దాం. కంప్యూటర్లో ఒకటే అడ్రసు పెడతాను. ఎవరైనా అక్కడికే రావాలి. కానీ వచ్చిన పని ముందే చెప్పాలి. చూడ్డానికైతే ఒక దారి, కొత్త బుకింగుకి ఒక దారి, మార్చడానికొకటి, రద్దుకొకటి. చూస్తానన్న మనిషికి చూపించడమే, సంచి కదలదు."

"కుదరదు" అంది వదిన, అలవాటు కొద్దీ. తర్వాత పులుల పెళ్ళి గుర్తొచ్చి మెత్తబడింది. "సరే చెయ్యి. పాటల బృందం వాళ్ళ తెల్ల చొక్కాల ఆర్డరు వస్తోంది. అది మొదలూ చివరా నీ యంత్రం మీదే నడవాలి. ఒక్క గుడ్డ తేడా వచ్చిందా, యంత్రం కట్టేసి నువ్వు కౌంటర్లో కూర్చుని ఫోనెత్తు."

ఆ సాయంత్రం గిన్నెలు తుడుస్తూ నాతో అంది. "మళ్ళీ కన్నం వెనక కూర్చోలేనత్తయ్యా. నా చేత్తో నేను చేసిన వస్తువు ఇదొక్కటే."

నేను ఆమె చేతిలో గిన్నె లాక్కుని దీపం కింద పట్టి చూశాను. "ఆ గిన్నె ఇంకా జిడ్డుగానే ఉంది" అన్నాను.

మాకందరికీ అర్థం కావాలని ఒకరోజు హాల్లో ఆట ఆడించింది. ఆ ఆట తలుచుకుంటే ఇప్పటికీ నేను పొట్ట పట్టుకోవాలి.

కంప్యూటర్లోకి వచ్చిన ఆర్డరు చీటీ నేరుగా పనిలోకి పోదట. మధ్యలో కాపలావాళ్ళు ఉంటారు. ఒకరు తమ పని చూసుకుని "తర్వాత" అని కేకేస్తేనే రెండోవాళ్ళ దగ్గరికి పోతుంది. మొదటి అర దగ్గర ఇస్త్రీ అన్నని నిలబెట్టింది. ఆయన "ఎవరు మీరు?" అని అడగాలి. రెండో అర దగ్గర గడ్డాలాయన. చీటీలో తేదీ ఉందా, కొలత ఉందా, కొలత అంకెల్లోనే ఉందా చూడాలి. ఇవన్నీ దాటాక నాలుగు దారుల కూడలిలో ఆగమ్మ. నేను 'చూడు' దారికి అధికారిని. నేను ఏ సంచీ ముట్టుకోకూడదు, చూపించాలంతే. నాకు ఆ ఉద్యోగం బాగా నచ్చింది.

వచ్చే మనిషిగా వదిన దిగింది. చీటీ పట్టుకుని వచ్చింది.

"ఎవరు మీరు?" అన్నాడు ఇస్త్రీ అన్న.

"నీకు జీతమిచ్చేదాన్ని."

"సరేనండి" అని ఆయన వెనక్కి తిరిగి ఇస్త్రీ పెట్టె అందుకున్నాడు. వదిన నిలబడింది. అందరం నిలబడ్డాం. గడ్డాలాయన ఇంకా చీటీ రాలేదని గోళ్ళు చూసుకుంటున్నాడు. ఇస్త్రీ పెట్టె బుస కొడుతోంది.

"ఏంటే, బొమ్మలా నిలబడ్డాను?" అంది వదిన.

"అన్నయ్యా, 'తర్వాత' అనాలి!" అని ఆగమ్మ అక్కడినుంచి అరిచింది. "మీరనకపోతే ఆవిడ చచ్చేదాకా అక్కడే ఉంటారు!"

"ఎవరు చచ్చేదాకా?" అంది వదిన.

రెండో అర దాటింది. కూడలి దగ్గర ఆగమ్మ పని అడిగి నా దగ్గరికి పంపింది. ఆట కోసం బయట పెట్టిన కిరీటం చూపించాను. వదిన దాన్ని చంకలో పెట్టుకుని నడవబోయింది.

"నాలుగొందల అయిదు!" అన్నాను గట్టిగా. 'ఈ దారిలో ఆ పని చెయ్యం' అని దాని అర్థం. ఆగమ్మ నేర్పింది. చీటీ తప్పైతే నాలుగొందలు. ఎవరో చెప్పకపోతే నాలుగొందల ఒకటి. అడిగింది మా దగ్గర లేకపోతే నాలుగొందల నాలుగు.

"నా కొట్టు, నా కిరీటం, నాకు నాలుగొందలేంటే?" అని వదిన నా మీదికి వచ్చింది. నేను కిరీటం ఒక పక్క లాగాను, ఆవిడ ఒక పక్క లాగింది. అట్ట కిరీటం, మధ్యకి విరిగింది. ఇద్దరం దాన్ని పట్టుకుని నేలమీద కూర్చుండిపోయి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం. ఆ అంకెలు మాత్రం నాకు ఉండిపోయాయి. వాటితో తిట్టినా తిట్టినట్టుండదు. మా వాడు ఇంటికి ఆలస్యంగా వస్తే "ఎక్కడరా నాలుగొందల నాలుగూ?" అంటాను.

తర్వాత సరుకంతా కంప్యూటర్లో ఎక్కించే పని మొదలైంది. ఎవరి అర వాళ్ళదే. ప్రతి వస్తువుకీ నంబరు, రంగు, ఛాతీ కొలత. ఏది ఖాళీ వదిలినా తీసుకోదు, ఎర్రగా అరుస్తుంది. చొక్కాలకీ కోట్లకీ హాయిగా సాగింది. గడ్డాలాయన తెల్ల గడ్డం ఒకటి ముందు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అమ్మాయ్, గడ్డానికి ఛాతీ ఏంటమ్మా?" అన్నాడు.

ఆమె అప్పుడు కూడలి పని ఏదో తలకెక్కించుకుని ఉంది. వెనక్కి తిరగకుండానే, "ఖాళీ వదలకండి బాబాయ్, తీసుకోదు" అంది.

ఆయన చాలా పద్ధతి గల మనిషి. అడిగాడు, జవాబొచ్చింది, ఇంక మాట్లాడలేదు. గడ్డం తగిలించుకున్నాడు. అది వచ్చి ఛాతీ మీద పడింది. ఎవరి ఛాతీ? తన ఛాతీ. టేపు తీసుకుని తన చుట్టూ కొలుచుకున్నాడు. ముప్పై ఎనిమిది. అరలో ఉన్న గడ్డాలన్నిటికీ ముప్పై ఎనిమిది రాసి, నున్నటి మొహం మీద చెమట తుడుచుకుని ఇంటికి వెళ్ళాడు. యంత్రం కూడా సంతోషించింది. ఖాళీ లేదు, అంకే ఉంది, ఆ అంకె మనిషి కొలతలానే ఉంది. ఇంకేం కావాలి దానికి?

పాటల బృందం నాయకురాలు ఆర్డరు పెట్టింది. రంగు తెలుపు, ఛాతీ ముప్పై ఎనిమిది, అందరికీ వదులుగా ఉంటే చాలు అంది. చీటీ మొదటి కాపలా దాటింది. రెండోది దాటింది. కూడలిలో 'కొత్త బుకింగు' దారి పట్టింది. వస్తువేంటో అడగడం యంత్రానికి అప్పటికి రాదు, తెలుపూ ముప్పై ఎనిమిదీ ఎక్కడున్నాయో మాత్రం వెతికింది. గడ్డాల అర ముందుంది, చొక్కాల అర వెనకుంది. నంబర్లు బయటికొచ్చాయి. మా వాడు ఆ నంబర్ల సంచులన్నీ వ్యానులో వేసుకున్నాడు. సంచి విప్పకూడదన్న ఆజ్ఞ ఉందిగా, విప్పలేదు. మరి బరువు? "ఇవాళ భలే తేలిగ్గా ఉన్నాయే అనుకున్నానమ్మా" అన్నాడు తర్వాత. కన్నకొడుకు కదా, ఏమనను?

వదిన, నేను, ఆగమ్మ, గడ్డాలాయన, అందరం ఆ వ్యానులోనే వెళ్ళాం. యంత్రం గెలుపో ఓటమో కళ్ళారా చూడాలని వదిన పట్టు. ఆగమ్మ ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని దారంతా పెదవి కొరుక్కుంటూనే ఉంది.

వేదిక వెనక గది. అద్దాలు, దీపాలు, మెడదాకా పౌడరు రాసుకున్న ఆడవాళ్ళు. నాయకురాలు మొదటి సంచి ముడి విప్పి చెయ్యి పెట్టి కెవ్వుమంది. చెయ్యి బయటికి తీస్తే పట్టుకుచ్చులాంటి తెల్లటి గడ్డం. రెండో సంచి, గడ్డం. మూడోది, గడ్డం, దానికి జతగా మీసం.

ఆ తర్వాత ఒకావిడ, బొద్దుగా ఉన్న పెద్దావిడ, గడ్డం తీసి చెవులకి తగిలించుకుని, అద్దంలో చూసుకుని, "అచ్చం మా మామగారే" అంది. అంతే. గదంతా పకపకలు. అందరూ తలో గడ్డం లాక్కున్నారు. ఒకావిడ గడ్డంతో గొంతు సవరించుకుంటోంది, ఒకావిడ పక్కావిడ గడ్డం పట్టుకుని "బాబూ, అన్నం తిన్నావా?" అని బతిమాలుతోంది. నవ్వి నవ్వి ఒకావిడకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. మంచినీళ్ళు తాగుదామంటే గడ్డం గ్లాసులో మునిగింది.

వదిన మాత్రం నవ్వలేదు. ఆగమ్మ వైపు తిరిగి, "గుడ్డ తేడా వచ్చింది" అంది. "అసలు గుడ్డే రాలేదు."

మా కోడలి మొహం ఆ పౌడరు మొహాలకంటే తెల్లబడింది. గడ్డాలాయన ముందుకొచ్చాడు. "కొలత రాసింది నేనమ్మా. నాది ముప్పై ఎనిమిది" అన్నాడు. ఛాతీ కూడా చూపించాడు.

"ఆగండి బాబాయ్" అంది ఆమె. "మీరు నన్ను అడిగారు. నేను తల తిప్పకుండా జవాబు చెప్పాను. గడ్డాన్ని ఛాతీ అడిగింది నేను. తప్పు నాదే పెద్దత్తయ్యా."

"అయితే కౌంటర్లో కూర్చుంటావా?"

"కూర్చుంటాను. ముందు వీళ్ళకి చొక్కాలు రానివ్వండి."

ఇస్త్రీ అన్నకి ఫోను చేసి చొక్కాల అర నంబర్లు చెప్పి కట్టించింది. మా వాడిని వ్యాను దగ్గరికి తరిమింది. "ఈసారి బరువుంటేనే తీసుకురా" అన్నాను వాడితో. వాడు అటు వెళ్ళగానే ఈమె గడ్డాల సంచుల మీద కూర్చుని కంప్యూటర్ తెరిచింది. చుట్టూ గడ్డాల ఆడవాళ్ళు చేరారు, ఎవరో ఋషులు సభ తీర్చినట్టు.

"బాబాయ్, ఇటు రండి. గడ్డాన్ని ఏమడగాలో మీరు చెప్పండి."

ఆయన్ని అలా ఎవరూ ఎప్పుడూ అడగలేదు కాబోలు. గట్టు తెగింది. పొడుగెంత అడగాలమ్మా అన్నాడు. చెవులకి తగిలించేదా, జిగురుతో అంటించేదా అడగాలి. తెలుపంటే తెలుపు కాదు, పాల తెలుపు, పొగ తెలుపు, సగం నెరిసినది, అవి వేరే వేరే. పాడేవాళ్ళకా, ఊరికే నిలబడేవాళ్ళకా? పాడేవాళ్ళకైతే నోటి దగ్గర ఖాళీ ఎక్కువుండాలి, లేకపోతే గుక్క తిప్పుకునేటప్పుడు మీసం లోపలికి పోతుంది. "పోయింది, ఇప్పుడే పోయింది!" అని ఒక ఋషి దగ్గుతూ సాక్ష్యం చెప్పింది.

ఆగమ్మ టకటకా రాసుకుపోయింది. ముందు వస్తువేంటో అడుగుతుంది. చొక్కా అంటే చొక్కా ప్రశ్నలు, గడ్డం అంటే గడ్డం ప్రశ్నలు, దానివి దానికే. వ్యాను తిరిగొచ్చేలోపు ఆ మార్పు అయిపోయింది. చొక్కాలొచ్చాయి, తెల్లగా, మడత నలగకుండా. అందరూ వేసుకుని వేదిక మీదికి పరుగెత్తారు. ఆ బొద్దుగా ఉన్న పెద్దావిడ మాత్రం గడ్డం తియ్యనంది. ఎంత చెప్పినా వినలేదు. ఆఖరి వరసలో నిలబెట్టారు.

పాట మొదలైంది. మేమంతా హాల్లో కూర్చున్నాం. ఆగమ్మ తన ఫోను వదిన చేతిలో పెట్టింది. "ఇందులోనే ఉంది పెద్దత్తయ్యా, నేను మార్చిందంతా. చూసి కట్టెయ్యండి" అంది. మాట తడబడలేదు కానీ, పక్కన ఆమె చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుంది.

వదిన ఫోనుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. గడ్డం ఒకటి బుక్ చేసి, కావాలని ఛాతీ ముప్పై ఎనిమిది రాసింది. గడ్డానికి ఛాతీ కొలత అక్కర్లేదు, పొడుగు చెప్పండి అంది యంత్రం. వదిన కనుబొమ్మలు లేచాయి. చొక్కాకి ఛాతీ రాయకుండా పంపింది. కుదరదంది. ఛాతీ దగ్గర 'లావు' అని రాసింది. అంకెల్లో చెప్పండి అంది. అయిదు వందలు అని రాసింది. అంత ఛాతీ గల చొక్కా మా దగ్గర ఉండదంది. నిన్నటి తేదీ వేసి ఆర్డరు పెట్టింది. నిన్న అయిపోయిందండీ అంది. 'చూడు' దారిలోంచి దూరి ఒక కోటు రద్దు చెయ్యబోయింది. ఈ దారిలో ఆ పని చెయ్యమంది.

"నాలుగొందల అయిదు" అన్నాను నేను చెవిలో.

"నువ్వుండవే" అంది వదిన. ఆవిడ మొహం వెలిగిపోతోంది. నా పెళ్ళినాటి నుంచీ ఎరుగుదును, ఆవిడ మొహంలో అంత సంబరం నేనెప్పుడూ చూడలేదు. వేదిక మీద పాట పైస్థాయికి వెళ్తోంది, ఆఖరి వరసలో గడ్డం ఊగుతోంది, ఈవిడ మాత్రం ఏ పాటా వినకుండా కొత్త కొత్త దొంగ దారులు కనిపెడుతోంది. దొరికిపోయినప్పుడల్లా "అమ్మ దీని మొండితనం!" అని మోకాలు చరుచుకుంటోంది. వెనకవాళ్ళు "ఉష్" అన్నారు. వదిన వెనక్కి తిరిగి "కుదరదు" అంది.

పాట ఆగి చప్పట్లు పడుతుంటే ఆగమ్మే అడిగింది. "కట్టేశారా?"

"కట్టెయ్యడమేంటే? ఇది పొద్దున్నించి సాయంత్రం దాకా, కసరకుండా, అలిసిపోకుండా, ఎందుకు కుదరదో కారణం కూడా చెప్పి మరీ కుదరదంటోంది. నా వల్ల ఎన్నడైనా అయిందా?" అంది వదిన. ఫోను ఇవ్వకుండానే లేచింది. "రేపు నా గదిలో కిటికీ పక్కన నీకో బల్ల వేయిస్తాను. కిరీటాలు, కత్తులు, తోకలు, దేన్ని ఏమడగాలో ఎవరి అర వాళ్ళ పక్కన కూర్చుని అడిగి రాసుకో. ఈసారి తల తిప్పి అడుగు."

"మరి కౌంటరు?" అంది ఆగమ్మ. నా చెయ్యి ఇంకా వదల్లేదు, వేళ్ళు తిమ్మిరెక్కాయి.

"అక్కడ నేను కూర్చుంటాను."

అన్నట్టే కూర్చుంది. ఇప్పుడు కొట్టుకి ఎవరు ఫోను చేసినా మా వదినే ఎత్తుతుంది. అవతలివాళ్ళు నోరు తెరిచేలోపే, "ఇక్కడ కుదరదు, కంప్యూటర్లో అడగండి" అని పెట్టేసి, కాఫీ తాగుతుంది.